గ్రూపుకు పేరు తేలేలోపు

1988 ఆగస్టు, రెండో మంగళవారం, పగలు పదకొండు గంటలు. ఉస్మాన్‌గంజ్ పక్కన మా కంప్యూటర్ సెంటర్‌లో లొల్లి మొదలైంది. నేనక్కడ ఆపరేటర్‌ని. ముప్పై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, వంకర లేకుండా రాస్తాను.

మా దగ్గర రెండు యంత్రాలు. వాటిని నడిపించే ప్రోగ్రాం, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకటే. లెక్కలు చేసే ప్రాసెసర్లు మాత్రం వేరు. వేరే ఊళ్ల సెంటర్లతో కలిసి న్యూస్‌గ్రూపులు నడిపేవాళ్లం. ఒకరు ప్రశ్న రాస్తే అందరూ చదివి జవాబు రాస్తారు. రాసినవన్నీ రోజుకు ఒక్కసారి, మూడింటికి, మోడెమ్ అనే పెట్టె ఫోన్ లైను మీద పంపేది, వచ్చినవి తెచ్చేది. అది తప్పితే మళ్లీ రేపే.

పాత యంత్రానికి గ్రూపు ఉంది. కొత్తదానికి పెట్టాలి. ఆ గ్రూపు పేరులో సిస్టమ్ పేరు ముందుండాలని, సెంటర్ చూసుకునే ఇద్దరు సార్లలో చంద్రమౌళి సార్ పట్టు. ఖాదర్ సార్ ఒప్పుకోలేదు.

"ప్రాసెసరే ముందు! ఇంటిపేరు లేకుండ మనిషిని పిలుస్తరా మౌళీ?"

"మీ ఇంట్ల ఏమో గని ఖాదర్ భాయ్, మా ఇంట్ల పేరు పెట్టే పిలుస్తరు!"

నస్రీన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. కిషన్‌బాగ్ నుంచి వచ్చే టెంపరరీ ప్రోగ్రామర్. పాత యంత్రం మీద చక్కగా నడిచిన ఆమె ప్రోగ్రాం కొత్తదాని మీద అంకెలన్నీ తారుమారు చేస్తోంది. గురువారం సెంటర్ పెద్దసారుకు నడిపి చూపించాలి. లేకపోతే ఉద్యోగం పొడిగించరు.

"సార్, నా ప్రశ్న పంపాలె."

"ఆగమ్మా, గ్రూపే లేదు, ఏడ రాస్తవ్?" అన్నారు ఇద్దరూ. ఆ ఒక్క మాట మీదే వాళ్లకు కుదిరింది.

రెండున్నరకు రెండోసారి చాయ్ వచ్చింది. పేరు రాలేదు. నాకు ఒళ్లు మండింది.

"మూడైతాంది సార్. పేరు రేపు పెట్టుకోరి, పిల్ల కొలువు పోతది!"

"నీకు తెల్వదు ఎల్లయ్యా. తప్పు పేరు పెడితే ఏండ్లు మొయ్యాలె" అన్నారు ఖాదర్ సార్.

నస్రీన్ ఇక అడగలేదు. పాత యంత్రం గ్రూపులోనే ప్రశ్న రాసేసింది. మోడెమ్ కీచుమంది.

"పోయింది చాచా" అంది నాతో.

"గది వేరే ప్రాసెసర్ గ్రూపు! గిట్ల చేస్తే ఇగ కాయిదా, పద్ధతి ఏముంటది?" అని ఎగిరారు చంద్రమౌళి సార్.

మర్నాడు మూడింటికి జవాబు వచ్చింది. వేరే ఊళ్లో రెండు రకాల యంత్రాలూ నడిపే ఒకాయన రాశాడు: కొత్త ప్రాసెసర్ అంకెలోని ముక్కలను ఎదురు వరసలో దాచుకుంటుంది, తిప్పి చదవండి అని. నస్రీన్ తిప్పింది. గురువారం ప్రోగ్రాం నడిచింది, ఉద్యోగం నిలిచింది. కొత్త గ్రూపు కోసం ఆగి, అందులోనే రాసి ఉంటే, ఇంకా ఎవరూ చేరని ఆ గ్రూపులో చదివేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

సార్లు మాత్రం ఆ జవాబును ఏ గ్రూపులోకి మార్చాలో అని శుక్రవారం దాకా కొట్లాడారు.

నాకు తెలిసింది ఒకటే. ప్రశ్న పట్టుకుని నిలబడ్డ మనిషిని ముందు పంపించాలి, పేరు బోర్డు తర్వాత రాసుకోవచ్చు.

ఆ మంగళవారం ఉన్నవాళ్లం: చంద్రమౌళి సార్, ఖాదర్ సార్, చాయ్ తెచ్చిన యూసుఫ్ భాయ్, ఎల్లయ్య అనే నేను, అడగడం మానేసి పంపేసిన నస్రీన్.