కిటికీ కాడి కుప్ప

డెబ్బైల చివరి మాట. చింతామణిలో మాది బట్టల అంగడి. ఏటేటా క్యాలెండర్లు, పసుపు పెట్టిన పెండ్లిపత్రికలు వచ్చి పడేవి. అన్నిటి మీదా దేవుడే. దేవుని బొమ్మ ఉండే కాయితాన్ని కసువులో వేయరాదు, పారే నీళ్ళలో కలపాలని మా అమ్మ చెప్పింది. మా సీమలో పారే నీళ్ళు యాడుండాయి? వాగు వచ్చినప్పుడు చూద్దామని నడిమింట్లో వీధివైపు కిటికీ కాడ పెడుతూ వచ్చినాను.

రెండో బిడ్డ కూడా నాకు దక్కకుండా పోయిన ఏడాది అది. ఆ తర్వాత ఏదీ తీసి అవతల పెట్టబుద్ధయ్యేది కాదు. ఖాళీ డబ్బాలు, చిరిగిన చాపలు కూడా ఆడికే చేరి కిటికీ మూసుకుపోయింది. సర్దాలని దాని ముందర కూచునేదాన్ని, ఊరికే లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

మా అత్తకు కాళ్ళు పడిపోయి ఆ కిటికీ పక్కనే మంచం. బడి మొహం చూడని నాకు అక్షరాలు దిద్దించిన తల్లి ఆమె. ఇప్పటికీ రోజూ దీపం పెట్టినాక ఆమెకూ ఒక దణ్ణం పెట్టుకుంటా.

"అవి తీసేయమ్మా, వీధిలో ఎవురు పోతాండారో చూసుకుంటా," అనేది.

"దేవుని పటాలత్తా. వాగు రానీ."

"ఇంతమంది దేవుళ్ళు అడ్డం నిలబడితే నాకు గాలి యాట్నుంచి వస్తాదమ్మా?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

వాగు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి తలనొప్పి అన్నాను. రెండోసారి ఏమన్నానో జ్ఞాపకం లేదు. ఆమె మళ్ళీ అడగలేదు. గోడవైపు తిరిగి పడుకునేది.

ఆమె పోయినాక ఇల్లు కడగను సాయం వచ్చిన ఎదురింటి పెద్దామె, "తోటలో పాడుబావి ఉండాదే, మేమంతా దాంట్లోనే వేస్తాం. ఒక మాట అడిగి ఉండకూడదా?" అనింది. ఇద్దరం గంపలకెత్తి మోసినాము. పొద్దు నెత్తికెక్కక ముందే అయిపోయింది. బిగుసుకుపోయిన కిటికీ రెక్కలను ఆమే తట్టి తెరిచింది. ఎదురుగా వాళ్ళ అరుగు, దాని మీద చింతపండు కొడతా కూచున్న ఆడోళ్ళు కనిపించినారు.

"ముందంతా ఆడినుంచే మీ అత్తతో మాట్లాడేవాళ్ళం. కిటికీ మూసినాక, మాతో మాట్లాడే ఓపిక లేదేమోనని మేమూ పిలవడం మానుకున్నాం," అనింది.

ఆమెకు ఓపిక ఉండేదమ్మా అని చెప్పినాను. మూసింది నేనని చెప్పేదానికి మాత్రం నోరు రాలేదు.