మూతకు తక్కువైన స్క్రూ

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగది మాది కాదు, నాన్న టైపింగ్ సెంటరుది. లైబ్రరీ వెనక సందులో, మెట్లెక్కగానే ఎడమవైపు ఉండేది. మూడు టైపు మిషన్లు, ఒక పొడుగాటి బెంచీ, వచ్చినవాళ్ళు చెప్పులు విడవడానికి గోనెపట్టా. కోర్టు అర్జీలు, ఉద్యోగాల దరఖాస్తులు, యూనివర్సిటీలో చదివేవాళ్ళ థీసిస్‌లు అన్నీ అక్కడ టైపయ్యేవి. మాది గుంటూరు వైపు. మా తాతయ్య ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే ఉండిపోవడంతో మేమూ ఇక్కడివాళ్ళమే అయిపోయాం.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న ఒక కంప్యూటరు కొన్నాడు. ఏదో ఆఫీసులో వాడి వాడి తీసేసినది. అడ్డంగా పడుకోబెట్టిన ఇనప్పెట్టె, దాని పక్కన టీవీలాంటి బరువైన డబ్బా, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఇప్పుడు మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువే గానీ, అప్పట్లో దాన్ని చూడటానికి దోమలగూడ నుంచి కూడా మనుషులు వచ్చేవారు. పని అయిపోగానే నాన్న దానికి దుప్పటి కప్పేవాడు. ఆపే ముందు 'పార్క్' అని టైపు చేయాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తెర పైన అంటించాడు. అలా చేస్తే లోపల డిస్కు మీద తిరిగే ముల్లు పక్కకు జరిగి కూర్చుంటుందట. మరిచిపోయి స్విచ్చి ఆపేస్తే ఆ ముల్లు డిస్కును గీకి, అందులో దాచిందంతా పోతుందని ఆయన భయం.

ఆ కంప్యూటరు మీద పని చేసేది పక్కింటి అక్క. ఇంటరు అయిపోయాక ఆమెను ఇంట్లో ముందుకు చదివించలేదు. మా నాన్న దగ్గర టైపు నేర్చుకుని, రెండేళ్ళలో ఆయనకంటే వేగంగా కొట్టేది. కంప్యూటరు వచ్చిన నెలకే దాని పని కూడా పట్టేసింది. ఎండాకాలం సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నాన్న లేనప్పుడు నా పేరు టైపు చేయనిచ్చేది. "మెల్లగ కొట్టు, అది యాడికి పోదు" అనేది నవ్వుతూ. నారాయణగూడలో ఒక వకీలు తన ఆఫీసుకి కంప్యూటరు తెలిసిన టైపిస్టు కావాలని నాన్నను అడిగాడు. నాన్న అక్క పేరు చెప్పాడు. వచ్చే నెల నుంచి ఆమె అక్కడికి వెళ్ళాలి. ఆ మాట వచ్చినప్పటి నుంచి ఆమె నడకే మారిపోయింది.

ఇక మా రేడియో తాతయ్య గురించి చెప్పాలి. ఆయన మాకు చుట్టం కాదు. అశోక్‌నగర్‌లో మెట్ల కింద చిన్న గదిలో రేడియోలు బాగు చేసేవాడు. అరవై ఏళ్ళు దాటాక, ఎవరూ నేర్పకుండానే, పాడైన కంప్యూటర్లు విప్పి చూసి చూసి వాటి పని కూడా నేర్చుకున్నాడు. మా పెట్టెలో దుమ్ము దులపడానికి ఓసారి వచ్చినప్పుడు, వెనకాల స్క్రూలు తీసి మూత వెనక్కి లాగి, లోపల ఏది ఏమిటో నాకు చూపించాడు. పచ్చటి పలక మీద చిన్న చిన్న నల్ల పురుగుల్లాంటి చిప్పులు, వాటి మధ్య సన్నటి గీతలు. నేను టైపు చేసిన నా పేరు అందులో ఎక్కడుంటుందో చెప్పమని అడిగాను. ఆయన నవ్వి, "గట్ల చూస్తే కనపడదు బిడ్డా" అన్నాడు. కనపడదంటే నాకు నమ్మకం కుదరలేదు.

ఓ సోమవారం మధ్యాహ్నం నాన్న కాగితాలు కొనడానికి కోఠీ వెళ్ళాడు. అక్క ఓ థీసిస్ చివరి భాగం కొట్టి, నా కళ్ళ ముందే 'పార్క్' అని టైపు చేసి, స్విచ్చి ఆపి, అన్నం తినడానికి వాళ్ళింటికి వెళ్ళింది. అమ్మ లోపలి గదిలో కునుకు తీస్తోంది. నేను నాన్న డ్రాయరులోంచి స్క్రూడ్రైవరు తీసి, మూతకున్న ఐదు స్క్రూలూ విప్పాను. మూత కాస్త వెనక్కి లాగి, వంగి చూస్తున్నాను. ఇంతలో అమ్మ నన్ను పిలిచింది. కంగారుగా మూత ముందుకు తోసి స్క్రూలు బిగించబోతే ఒకటి చేతిలోంచి జారి సందులోంచి పెట్టె లోపలికి పడిపోయింది. టక్కుమన్న చప్పుడు వినపడింది. మిగిలిన నాలుగూ బిగించి, దుప్పటి కప్పి, అమ్మ దగ్గరికి పరిగెత్తాను. చిన్న స్క్రూ, ఏమవుతుందిలే అనుకున్నాను.

మూడు గంటలకు అక్క వచ్చి స్విచ్చి వేసింది. పెట్టె లోపలి ఫ్యాను ఒక్కసారి కదలబోయి ఆగిపోయింది. మళ్ళీ వేసింది. అంతే. తెర నల్లగానే ఉంది. సరిగ్గా అప్పుడే నాన్న కాగితాల కట్టతో మెట్లెక్కి వచ్చాడు. ఆయన మొదట అడిగిన మాట, "పార్క్ చేశావా?" అని.

"చేసినంకనే బంద్ చేసిన సార్."

"చేస్తే ఎందుకిలా అవుతుంది? అన్నానికి వెళ్ళే తొందరలో మరిచిపోయుంటావు."

"మర్చిపోలే సార్. నాకు మంచిగ యాదికున్నది."

నాన్న చెడ్డవాడు కాదు. కానీ ఆయన దగ్గర అప్పుడు రెండు వందల పేజీల థీసిస్ ఉంది, మరుసటి వారమే ఇచ్చేయాలి. కొత్త యంత్రం కాబట్టి ఆయనకు దాని గురించి తెలిసిన ఒకే ఒక్క ప్రమాదం అది. తెలిసిన ప్రమాదమే జరిగిందని నమ్మేశాడు. గొంతు పెరిగింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మనుషులు వింటుండగా, తప్పు చేసిందే కాక అబద్ధం కూడా ఆడుతోందన్నాడు. రేపటి నుంచి రావొద్దన్నాడు. అక్క ఏడవలేదు. టేబులు మీది తన పెన్ను, రుమాలు తీసుకుంది. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, నేను చూశాను కదా చెప్పమన్నట్టు ఒక్క క్షణం ఆగింది. 'పార్క్ చేసింది, నేను చూశాను' అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ మాటంటే, నువ్వక్కడ ఏం చేస్తున్నావని నాన్న అడుగుతాడు. నేను పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే రేడియో తాతయ్య సైకిలు మీద రేకు డబ్బా పెట్టుకుని వచ్చాడు. మొదట స్విచ్చి వేసి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఆ ఫ్యాను ఉలికిపాటు విని తల ఊపాడు. "డిస్కు పోతే ఫ్యాను ఎందుకు ఆగుతది సార్? ఇది వేరే కథ" అన్నాడు. నాన్నకు ఆ మాట ఎక్కలేదు. మెట్ల దగ్గర ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళిపోయాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి పోవాలని ఉంది, కానీ ఏం దొరుకుతుందో చూడకుండా పోలేకపోయాను.

మూత తీసే ముందు ఆయన బొటనవేలితో వెనకవైపు తడిమాడు. నాలుగు స్క్రూలు, ఐదోచోట ఖాళీ కన్నం. మూత తీసి, "ఒక్కొక్కటి తీస్కుంట పోదాం బిడ్డా. ఏది తీస్తే లేస్తదో అదే దొంగ" అన్నాడు నాతో, ఎప్పటిలాగే. ముందు ఫ్లాపీ తీగ పీకాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను ఉలిక్కిపడి ఆగింది. డిస్కు తీగ పీకాడు. అదే. తెరకు సంబంధించిన కార్డు తీసి, దాని అంచులు రబ్బరుతో రుద్ది పక్కన పెట్టాడు. అదే. ప్రతిసారీ ముందు ప్లగ్గు పీకి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టేవాడు. ఆయన చేతుల్లో తొందర లేదు. ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతున్నకొద్దీ, నాకు మాత్రం ఆయన నా దగ్గరికి నడిచి వస్తున్నట్టే ఉంది.

చివరికి ఆ పచ్చటి పలకనే విప్పి, బయటికి తీసి, మడత పెట్టిన దినపత్రిక మీద పెట్టి కరెంటు ఇచ్చాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. "పలక మంచిగున్నది. డబ్బాలనే ఏదో తగుల్తున్నది" అని ఖాళీ పెట్టెలోకి చూశాడు. అడుగున, పలక కింద ఉండే చోట, నా స్క్రూ ఉంది. అది పలకకీ ఇనప రేకుకీ మధ్య ఇరుక్కుని కరెంటును అడ్డదారి పట్టించింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుని, నా వైపు చూశాడు. నా ముఖం చూశాక ఆయన అడగాల్సింది ఏమీ మిగల్లేదు. స్క్రూను జేబులో వేసుకుని, అన్నీ మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చేసరికి నాన్న లోపలికి వచ్చాడు. థీసిస్ అక్షరం పోకుండా ఉంది. ఆయన కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"లోపల షార్ట్ అయింది సార్, సదిరిన" అన్నాడు తాతయ్య. "ఆ పిల్ల తప్పు మాత్రం కాదు."

"మీరు పెద్దమనసుతో అంటారు గానీ, ఆ అమ్మాయి తప్ప దీన్ని ముట్టుకునేది ఇంకెవరున్నారు?"

తాతయ్య నా వైపు చూడలేదు. చేతి గుడ్డతో స్క్రూడ్రైవరు తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు. నా కోసం ఆగాడు. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు జన్మలో రాదని ఈరోజు తెలుసు. ఆరోజు నేను నేల మీది గచ్చు వంక చూస్తూ ఉండిపోయాను.

ఆయన వెళ్ళేటప్పుడు సైకిలు దాకా డబ్బా మోసుకురమ్మన్న నెపంతో నన్ను మెట్ల కిందికి పిలిచాడు. "నేను చెప్తే మీ నాయన నిన్ను కొడ్తడు. నువ్వే చెప్తే, కొట్టినా ఇంకో గంటకు మర్చిపోతడు. ఆ పిల్లను మళ్ళ పిలుస్తడు. రేపు కాదు, ఇయ్యాల్నే చెప్పు." నా తల మీద చెయ్యి వేసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. అంత నమ్మకం నా మీద పెట్టడం ఆయన చేసిన పొరపాటు.

ఆ సాయంత్రం చెబుదామనుకున్నాను. నాన్న కులాసాగా ఉన్నాడు, ఎందుకు పాడుచేయడం అనిపించింది. మర్నాడు ఆయన చిరాగ్గా ఉన్నాడు, భయమేసింది. మూడో రోజు వకీలు మనిషిని పంపి అక్క గురించి అడిగించాడు. నాన్న ఆమెను తిట్టలేదు. "వేగం ఉంది గానీ జాగ్రత్త లేదండీ, నేనే మాన్పించాను" అన్నాడు. అంతే చాలింది. పక్క గదిలో లెక్కల పుస్తకం ముందేసుకుని నేను ఆ మాట విన్నాను. అక్కకు ఆ పని రాలేదు. మాన్పించారన్న మాట సందంతా తిరిగింది. వాళ్ళ నాన్న ఆమెను మళ్ళీ ఏ పనికీ పంపలేదు. ఆ ఏడాదే వాళ్ళు దోమలగూడకు ఇల్లు మారారు.

రెండు వారాల తర్వాత తాతయ్య ఫ్యాను చూసి పోదామని వచ్చాడు. కంప్యూటరు ముందు వేరే అబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ కుర్చీని చూసి, తర్వాత నన్ను చూసి, వచ్చిన పని చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు వచ్చాడు, కానీ పెట్టె విప్పుతున్నప్పుడు నన్ను దగ్గరికి పిలవలేదు. 'బిడ్డా' అన్న మాట మళ్ళీ నా చెవిన పడలేదు. నాన్నకు మాత్రం ఆయన ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనన్న మాట మీదే ఆయన ఉండిపోయాడు.

డిగ్రీలో చేరాక ఓ రోజు నాన్నకు చెప్పాను. ఆయన పేపరు మడిచి, "ఇప్పుడెందుకే అదంతా, పోనీ" అని మళ్ళీ పేపరు విప్పాడు. ఆ అమ్మాయింటికి వెళ్ళి ఓ మాట అందామంటే, వాళ్ళేమనుకుంటారో అన్నాడు. అప్పుడు అర్థమైంది, నేను ఆయన కూతుర్నేనని.

అక్కను మళ్ళీ కలిసింది ఆరేళ్ళ కిందట, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టులో. జుట్టు నెరిసింది. ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుడుతోందట. నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగానే పలకరించింది. టమాటాల బుట్టల పక్కన నిలబడి మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం కదల్లేదు.

"గా దినం ఇంటికి పోతే మా నాయన నన్ను ఏమన్నడో నీకెర్కనా?" అంది చివరికి. "నేను పార్క్ కొట్టిన్నా లేదా అని నాకే అనుమానం వచ్చింది. ఎన్ని ఏండ్లు ఆలోచించిన్నో. కొట్టిన్నే కదా?"

"కొట్టావక్కా. నేను చూశాను."

"ఇప్పుడు చెప్పినవ్. నీ మనసు తేలికైతది. నాకేమైతది చెప్పు?"

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని రోడ్డు దాటింది. కోపంగా కూడా నడవలేదు. బస్సుకు ఆలస్యమవుతున్న మనిషిలా నడిచింది.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఇంట్లో గ్లాసు పగిలినా, ఆఫీసులో ఓ లెక్క తప్పినా, ఎవరని అడిగేలోగానే నాదైతే నాదని చెప్పేస్తాను. పిల్లలు నవ్వుతారు. ఆఫీసులో నన్ను నిజాయితీ గల మనిషంటారు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఒక మనిషి తాను సరిగ్గా చేసిన పనిని తానే ముప్ఫై ఏళ్ళు అనుమానించేలా చేసినదాన్ని. ఆమె అడిగినదానికి నా దగ్గర ఈరోజుకీ జవాబు లేదు.