మా పెద్దోడు వదలమన్న సందు

మా పెద్దోడు పోయాడన్న కబురు నాకు కల్లంలో అందింది. ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాను. వాడితో కలిసి టైల్స్ వేసే జోడీ మేస్త్రి ఫోన్ చేసి, "పిన్నీ, కూర్చునున్నావా, నిలబడున్నావా?" అని అడిగాడు. నిలబడే ఉన్నానయ్యా అన్నాను. "కూర్చో పిన్నీ" అన్నాడు. పొన్నూరులో ఎవరి ఇంటికో వరండాలో టైల్స్ వేస్తూ, మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే ముందుకు ఒరిగిపోయాడట. గుండె ఆగిందన్నారు. ముప్పై అయిదు నిండలేదు. నా చేతులనిండా కారం. కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేకపోయింది.

నేను అయిదో తరగతితో ఆపినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మావాణ్ణి మీలో ఎవరైనా చూసి ఉన్నా మొహం గుర్తుండదు. ఎప్పుడూ తల వంచి నేల చూస్తుండేవాడు. పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికూతుర్ని చూసేవాడు కాదు, కల్యాణమండపం నేల చూసేవాడు. చెప్పులు విడిచి, అరికాలితో బిళ్లల అంచులు తడుముకుంటూ నడిచేవాడు. "కంటికి తెలియంది కాలికి తెలుస్తదమ్మా" అనేవాడు. పక్కన భోజనాలు అయిపోతున్నా పట్టేది కాదు. పదిహేడేళ్ళకి ఆ పనిలోకి వెళ్ళాడు. ఎద్దు మెడ మీద కాయ కాసినట్టు రెండు మోకాళ్ళకీ కాయలు కాశాయి. ఆదివారం పూట నేను నూనె రాస్తుంటే, "అవి నా సర్టిఫికెట్లే, చెరపమాకు" అని నవ్వేవాడు.

బిళ్ల కింద పరిచే సిమెంటు మాలు సరిగా నిండకపోతే, పైన కొడితే డొల్లగా మోగుతుంది. అది పట్టుకోవడానికి వేలి కణుపుతో కొట్టి చూసుకునే అలవాటు వాడిది. ఇంటికొచ్చినా అదే. పుచ్చకాయని కొట్టేవాడు, గోడని కొట్టేవాడు. నేను అలిగి కూర్చుంటే నా నెత్తి మీద కూడా మెల్లగా కొట్టి, "డొల్ల" అనేవాడు. ఎంత కోపంలో ఉన్నా నవ్వొచ్చేది.

ఊళ్ళో అందరి ఇళ్ళూ అయ్యాక మా కొత్తింటికి వంతు వచ్చింది. పోయిన దసరా వెళ్ళాక మొదలుపెట్టాడు. అప్పుడే మా ఇద్దరికీ పోట్లాట వచ్చింది.

నేను పుట్టిన ఇంట్లోనూ అలికిన నేలే, మెట్టిన ఇంట్లోనూ అలికిన నేలే. మాది నల్లరేగడి. వేసవి వస్తే పొలంలోనే కాదు, ఇంట్లో కూడా నేల నెర్రెలు విచ్చుతుంది. కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తుంటే రాలిన గింజలన్నీ ఆ నెర్రెల్లోకి పోయేవి. చీపురుకి రావు, పుల్లతో పొడిచి తియ్యాలి. నలభై ఏళ్ళు అదే పొడిచాను. బిళ్లలు కొనడానికి ఒంగోలు వెళ్ళినప్పుడు ఆ కొట్లో నేల చూశాను. ఒక్క గీత కూడా కనపడలేదు, అద్దం పరిచినట్టుంది. నా ఇల్లు కూడా అట్లా ఉండాలని అక్కడే మనసులో అనుకున్నాను.

తీరా పని మొదలయ్యాక చూస్తే మావాడు బిళ్లకీ బిళ్లకీ మధ్య ప్లస్ గుర్తులాంటి చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టి సందు వదులుతున్నాడు.

"ఏందిరా ఆ సందులు?"

"ఉండాలమ్మా. తర్వాత వాటిల్లో ఫిల్లింగ్ పూస్తాం."

"నీకు పని రాక సందులొచ్చినయ్యా, కావాలనే పెడుతున్నావా?"

వాడి జోడీ మేస్త్రి మూలన కూర్చుని బిళ్ల కోస్తూ నవ్వాడు. సాయిబుల వీధి పిల్లాడు, మావాడితోపాటే పని నేర్చుకున్నాడు. "అట్టా అడుగు పిన్నీ. పదిహేడేళ్ళ నుంచి నేను అడగలేకపోతున్నా" అన్నాడు.

మావాడు మాత్రం నవ్వలేదు. పని సంగతిలో నవ్వేవాడు కాదు. "కొత్తపట్నంలో ఇసక నేల, అక్కడ ఒక లెక్క. పొన్నూరులో బంకమట్టి, అక్కడ ఒక లెక్క. మనది రేగడి. వానకి ఉబ్బుతది, ఎండకి లాక్కుంటది. బిళ్ల కూడా ఎండకి సాగుద్ది, నీ కంటికి కనపడదంతే. పక్కన చోటు లేకపోతే అది ఎక్కడికి పోవాలమ్మా? పైకే లేస్తది" అన్నాడు. నాకు అదంతా చదువుకున్నోళ్ళ మాటలా అనిపించింది. నా కళ్ళకి గీతలే కనపడుతున్నాయి, వాటిల్లో గింజలు కనపడుతున్నాయి.

హాలు, వంటిల్లు, వాడూ కోడలూ ఉండే గది వాడి ఇష్టప్రకారమే వేశాడు. నా గది వేసే రోజు మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ వరండాలో అన్నం పెట్టి నేను లోపలికి వెళ్ళాను. బిళ్లల కింద మాలు ఇంకా పచ్చిగానే ఉంది. ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకుని, బిళ్లల్ని ఒకదానికొకటి ఆనేదాకా నెట్టుకుంటూ పోయాను. టిక్కీ సంచుల్లో మిరపకాయలు తొక్కేదాన్ని నేను. సంచిలో సందు లేకుండా కూరడం నాకు బాగా తెలిసిన పని. గదంతా చేశాక చూసుకుని మురిసిపోయాను.

వాడు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు విడిచి ఒక్క అడుగు వేశాడు.

"ఎవరు ముట్టుకున్నారమ్మా?"

"పిల్లి తొక్కి ఉంటదిరా."

"పిల్లి తొక్కి, ముక్కలన్నీ ఏరి నీ కొంగులో మూటగట్టిందా?"

నేను కొంగు వెనక్కి లాక్కున్నాను. వాడు గోడవారన కూర్చున్నాడు. మళ్ళీ తీసి వేస్తానన్నాడు. "తియ్యమాకు. ఇల్లంతా నీ మాటే సాగింది. ఇది నా గది" అన్నాను.

"సరే. నీ ముచ్చట కాదనను. ఎండాకాలం లేస్తది, అప్పుడు నన్నే పిలుద్దువు."

"పిలిస్తే రావా?"

"రాకేం జేస్తా. తిట్టుకుంటా వస్తా."

ఆ రోజు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బిళ్లలన్నీ దగ్గరికి జరగడంతో గోడవారన చోటు ఎక్కువ మిగిలింది. దానికి సన్నటి ముక్క కోసి, విసుక్కోకుండా అతికించాడు.

మాఘమాసంలో వాడు పోయాడు. ఎండలు ముదిరాయి. రోహిణికార్తెలో ఒక మధ్యాహ్నం గదిలో మంచం మీద పడుకుని ఉన్నాను. ఫట్ మని పెంకు పగిలినట్టు మోగింది. లేచి చూస్తే గది నడుమ రెండు బిళ్లలు, పేకముక్కలు ఆనించి నిలబెట్టినట్టు ఒకదానికొకటి జారబడి లేచి ఉన్నాయి. నాకు భయం వెయ్యలేదు. ముందు సిగ్గేసింది. ఆ వెంటనే, "ఒరేయ్ పెద్దోడా, ఇట్టా రా" అని పిలిచేశాను. గొంతెత్తి పిలిచాను, పక్క గదిలో ఉన్నట్టు. కోడలు వంటింట్లోంచి వచ్చి నిలబడింది. తను కూడా వీధి గుమ్మం వైపు చూసింది.

జోడీ మేస్త్రి వచ్చి చూశాడు. వేలితో కొట్టుకుంటూ గదంతా తిరిగాడు. అంతా డొల్లే. "మొత్తం లేపి, కింద పాత మాలు కూడా కొట్టేసి మళ్ళీ వెయ్యాలి పిన్నీ" అన్నాడు. అది మావాడు తన చేత్తో పరిచిన మాలు. "ఉండనీ నాయనా" అన్నాను. అతను రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ పంపేశాను.

నిజం చెప్తున్నాను, నాకు ఆ గది బాగుపడటం అక్కర్లేకపోయింది. వాడి మాట నెగ్గింది. నెగ్గినవాడు వచ్చి, చెప్పులు విడిచి, ఆ గుమ్మంలో నిలబడి నన్ను తిట్టాలి. ఆ తిట్టు వినాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. ఆ బిళ్లలు అట్లా లేచి ఉన్నంతకాలం వాడు రావాల్సిన పని ఒకటి మిగిలి ఉన్నట్టుండేది. మంచం ఒక మూలకి లాక్కుని, వాటి చుట్టూ తిరిగి నడిచేదాన్ని.

ఒకరోజు మనవరాలు పాకుతూ వచ్చి ఆ బిళ్ల కింద చెయ్యి పెట్టింది. వేలు చిన్నగా తెగింది. కోడలు పిల్లని ఎత్తుకుని, పసుపు అద్ది, నెమ్మదిగా అంది: "అత్తయ్యా, ఆయన వేసింది ఇల్లంతా ఉంది. ఈ గదిలో ఉన్నది ఆయన వేసింది కాదు. మీరు జరిపింది."

మా కోడలు నాతో ఎప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగదు. నేను వెళ్ళి ఫోన్ అందుకున్నాను.

జోడీ మేస్త్రి మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అవే బిళ్లలు ఇప్పుడు దొరుకుతాయా అని అడిగాను. అతను నా మొహం చూడకుండా, "అటక మీద ఉన్నయ్యి పిన్నీ" అన్నాడు. నిచ్చెన వేసి పెట్టెలు దించాడు. లెక్కగా ఒక గదికి సరిపోయేటన్ని. ఒక్కో అట్టపెట్టె మీదా పెన్సిల్‌తో మావాడి చేతిరాత, 'అమ్మ గది' అని. నేను బిళ్లలు జరిపిన మర్నాడే ఒంగోలు వెళ్ళి, అదే రంగు మళ్ళీ దొరకదని ముందే తెచ్చి పెట్టాడట. "నీకు చెప్పొద్దన్నాడు. లేచినప్పుడు ఎట్టాగూ తెలుస్తది, అప్పటిదాకా ముచ్చటపడనీ అన్నాడు" అని చెప్పాడు.

ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లోపల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పాత మాలు పెళ్లలుగా ఊడుతుంటే ప్రతి దెబ్బా నాకే తగిలినట్టుంది. అయినా ఆపమనలేదు. కొత్త మాలు పరిచాక అతను తల బయటికి పెట్టి అడిగాడు.

"సందు రెండు మిల్లీమీటర్లు పెట్టనా పిన్నీ, మూడు పెట్టనా? రెండైతే గీత తక్కువ కనపడుద్ది."

"వాడైతే ఎంత పెట్టేవాడు?"

"మూడు."

"మూడే పెట్టు నాయనా."

రెండు రోజులు ఆగి సందుల్లో ఫిల్లింగ్ పూశాడు. తడిగుడ్డతో తుడిచి, రేపటిదాకా తొక్కొద్దని గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టి వెళ్ళాడు. నేను బల్ల ఇవతల కూర్చున్నాను. పూసింది పచ్చిగా ఉన్నప్పుడు గీతలు నల్లగా ఉంటాయి. ఆరేకొద్దీ తెల్లబడతాయి. కిటికీ వైపు నుంచి ఒక్కొక్క గీతే తెల్లబడుతూ నా వైపు వచ్చింది. తలుపు వెనక మూల, ఎండ చేరని చోట, ఒక్క గీత మాత్రం పొద్దు వాలేదాకా తడిగానే ఉంది.