చక్రాలు వేలాడదీయకుండా కొలిచిన షాఫ్టు

ఆ రోజు నేను కొలత తప్పుగా తీశాను. తెలియక కాదు, తెలిసే.

గోదావరి వరద డ్యూటీకి మా ఆర్మీ దళం కొవ్వూరు చేరేసరికి తెల్లవారుతోంది. వాన ఆగలేదు. ఒక స్కూల్లో దిగాం. బెంచీల మీద రేషన్, వరండాలో తాళ్లు, లైఫ్ జాకెట్లు. మా లారీలు బరువు. నానిన ఏటిగట్టు వాటిని మోయదు. భీమవరం నుంచి ఒక రొయ్యల రైతు తన జీపు పంపాడు. చెరువుగట్ల మీద తిరగడానికి స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచుకున్న బండి.

నేను దళంలో వెహికల్ మెకానిక్‌ని. మాది ఏరు దాటితే కడియం. బండి కిందకి దూరి చూశాను. ఎత్తు పెంచారు కానీ, ఇంజను బలాన్ని వెనక ఇరుసుకి అందించే షాఫ్టు పాతదే ఉంచారు. ఆ షాఫ్టు ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కలు. ఇరుసు దూరమైతే లోపలి ముక్క బయటికి జారుతుంది, మరీ దూరమైతే ఊడిపోతుంది. షాఫ్టు గొట్టం కోసి, మధ్యలో ముక్క అతికి, పొడవు పెంచాలి.

ఎంత పెంచాలో తెలియాలంటే బండిని జాకీల మీద లేపి, చక్రాలు వేలాడనిచ్చి, ఇరుసు పూర్తిగా కిందికి దిగాక కొలవాలి. ట్రైనింగులో మొదట నేర్పేది అదే. స్కూలు ఆవరణంతా బురద. జాకీ దిగబడిపోతోంది. కింద వేయడానికి చెక్కలు వెతకాలి. విసుగేసింది. బండి నేల మీద నిలబడి ఉండగానే టేపు పట్టాను. లేతు షాపులో నేనిచ్చిన కొలతకే చేసిచ్చారు.

మధ్యాహ్నం వైర్‌లెస్ పలికింది. గట్టు పక్క ఊళ్లో ఒకావిడకి పాము కాటు. కెప్టెన్ గారు నన్ను పిలిచారు.

"పడవ అక్కడికి చేరాలంటే గంట పడుతుంది. జీపు ముందే వెళ్తుందా?"

"వెళ్తుంది సార్."

"నీ మాట మీద పడవని వేరే ఊరు పంపేస్తున్నాను."

"పంపండి సార్."

డ్రైవర్ హవల్దారుది కాకినాడ. "ఇదేంట్రా, బండా, అటకా? ఎక్కడానికి నిచ్చెన కావాలి" అన్నాడు. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాం.

ఆవిడని వెనక పడుకోబెట్టాం. అప్పటికే కనురెప్పలు వాలిపోతున్నాయి. భర్త పక్కన కూర్చున్నాడు. కౌలు రైతు.

"గడ్డిమోపు తీస్తుంటే కరిచిందండి. ఆస్పత్రికి ఎంతసేపండి?"

"అరగంటండి."

తిరుగుదారిలో గట్టు జారిన చోట వెనక చక్రం గోతిలోకి దిగింది. దానితో ఇరుసూ కిందికి వేలాడింది. పెద్ద చప్పుడు. షాఫ్టు ఊడి బురదలో గుచ్చుకుంది. ముందు చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. హవల్దారు ఇంజను ఆపాడు.

"పొద్దున్నే కదరా బిగించావు?"

వైర్‌లెస్‌లో పడవ అడిగాను. చాలా దూరం వెళ్లిపోయిందన్నారు. సీటు ఊడదీసి, ఆవిడని దాని మీద పడుకోబెట్టి మోశాం. భర్త ఆవిడ ముఖం మీద గొడుగు పట్టి నడిచాడు. "వచ్చేశాం, అదిగో వంతెన, దాటితే ఆస్పత్రే" అంటూనే ఉన్నాడు. వంతెన నిజంగా కనబడేసరికి ఆవిడకి ఊపిరి లేదు. మేం కిందికి దించాం. ఆయన గొడుగు పక్కకి తియ్యలేదు. ఆయన వీపు మీద వాన కారుతూనే ఉంది. ఇప్పటికీ కళ్లు మూస్తే నాకు ఆ గొడుగే.

సాయంత్రం కెప్టెన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. శిక్ష వేశారు. అది చాలలేదు. దళం వెనక్కి వెళ్లాక సెలవు పెట్టి ఆ ఊరు వచ్చాను. ఆవిడ భర్తకీ చెప్పాను.

"అంటే పడవ వచ్చేదాండీ?"

"వచ్చేదండి. నేనే అక్కర్లేదన్నాను."

"ఇన్నాళ్లూ గట్టుని తిట్టుకుంటున్నానండి" అన్నాడు. "ఇంక వెళ్లండి."

సర్వీసు అయ్యాక కొవ్వూరులో షెడ్డు పెట్టాను. ఎత్తు పెంచిన జీపు ఒకటి కట్టాను. ఏరు పొంగినప్పుడల్లా దాన్ని ఆ ఊరి గట్టు మీద నిలిపి కూర్చుంటాను. ఊళ్లోవాళ్లు పిలిస్తే వెళ్తాను. ఆయన ఎప్పుడూ పిలవలేదు.

పోయిన వరదకి తన పక్కింటి పెద్దాయనకి ఆయాసం వస్తే ఆ కౌలు రైతే ఎత్తుకొచ్చి వెనక పడుకోబెట్టాడు. నా వైపు చూడలేదు. బండి కిందకి దూరి, షాఫ్టుని రెండు చేతులతో పట్టి లాగి చూశాడు. లేచి బురద తుడుచుకున్నాడు.

"పదండి" అన్నాడు.