వేళ్లు మడిచే షమూనీ

ఎడెస్సా పట్నంలో ఆడవాళ్లెవరు పోయినా చివరి స్నానం చేయించేది షమూనీయే. నీళ్ల వేడి మోచేత్తో చూసుకుంటుంది. "చెయ్యి ఎత్తమ్మా, అయిపోవచ్చింది" అని శవాన్ని బతిమాలుతుంది. ఆఖర్న కుడిచేతికి నూనె రాసి వేళ్లు మడుస్తుంది. క్రీస్తులో దేవుడూ మనిషీ కలిసి ఒకటే స్వభావమనే ఇంట్లో, వాళ్లు సిలువ గీసుకునేటట్టే ఒక వేలు నిలబెడుతుంది, రెండు స్వభావాలనే ఇంట్లో రెండు. ఎవరి శ్మశానంలో పూడ్చాలో ఆ వేళ్లే చెబుతాయి. తను ఎటువైపో మాత్రం షమూనీ చెప్పదు. చర్చిలో చేతులు ముసుగులో దాచుకుంటుంది. మొన్న ముసలి హద్దా పోయినప్పుడు కొడుకులిద్దరూ గుమ్మంలోనే జుట్లు పట్టుకున్నారు.

"అమ్మది ఒక్క వేలే!" అన్నాడు పెద్దవాడు అబ్గర్.

"నీ మొహం! నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ రెండు వేళ్లతోనే సిలువ గీసుకుంది," అన్నాడు చిన్నవాడు మారూన్.

"అరవకండి నాయనా, మీ అమ్మనే అడుగుతా," అని షమూనీ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. చల్లబడి బిగుసుకున్న చేతిని ఒళ్లో పెట్టుకుని, "ఎన్ని తల్లీ?" అంది. ఆ వేళ్లు మెల్లగా కదిలి ఆమె చేతిని పట్టుకున్నాయి. లాక్కుంటే రాలేదు.

"ఎన్నంటోంది పెద్దమ్మా?" బయట నుంచి ఇద్దరూ ఒకేసారి అడిగారు.

తలుపు వెనక నుంచి షమూనీ గొంతు సన్నగా వినిపించింది. "ఏమీ అనట్లేదు నాయనా. నా చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది."

సిలువ గీసుకోబోయిన అన్నదమ్ములిద్దరికీ ఎన్ని వేళ్లు ఎత్తాలో గుర్తు రాలేదు.