తూర్పు ఆంగ్లియా రాణి

ఇంగ్లండులో పూర్వం తూర్పు ఆంగ్లియా అనే రాజ్యం ఉండేది. దాని రాజు బాప్తిస్మం పొంది కూడా భార్య మాట విని, ఒకే గుడిలో క్రీస్తుకూ పాత దేవతలకూ బలిపీఠాలు ఉంచాడట. భూపాలపల్లి కాలేజీలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా తప్పంతా రాణిదేనంటాను.

నిన్న కాటారంలోని మా ఇంటికి ప్రార్థనకు వచ్చిన పాస్టరు, మూలన అమ్మవారి మొక్కు కోసం పెట్టిన బెల్లం ముద్దలు చూశారు.

"సమ్మక్కకు మొక్కిందెవరు?"

బిడ్డ దవాఖానలో ఉన్నప్పుడు మొక్కింది నేనే. అయినా నా భార్య వైపు చూశాను.

"నేనే అయ్యగారూ," అంది ఆమె. ఆయన ఆమెను మందలించి వెళ్లారు.

"కాలేజీల గంటలకొద్దీ మాట్లాడ్తవు, గీడ నోరు రాలేదేంది?" అంది.

ఇవాళ పొద్దుటి నుంచి కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ రాణి గురించి పాఠంలో రాసి ఉన్నది కూడా ఇప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు. చెప్పులు వేసుకుని పాస్టరు ఇంటికి బయలుదేరాను.