నడిమి చోటుకి నా లెక్క

మలేషియాలోని క్లాంగ్‌లో నాకు ఉద్యోగం దొరికిన కొత్తల్లో, లోకంలోని ఏ చిక్కునైనా కూడికలతో, తీసివేతలతో విప్పేయొచ్చని గట్టిగా నమ్మేదాన్ని. చదువు బడితోనే ఆగిపోయినా భిన్నాలూ శాతాలూ సొంతంగా నేర్చుకున్నానన్న గర్వం ఒకటి (ఆ గర్వానికి మాత్రం లెక్క లేదు). జపాన్ వాళ్ల ఫ్యాక్టరీలో స్విచ్చులు బిగించే లైన్‌లో నా పని. ఏడాదికోసారి కంపెనీ హోటల్లో విందు ఇచ్చేది. ప్రతి లైన్ వాళ్లూ స్టేజీ మీద ఏదో ఒకటి చేసి చూపించాలి. ఆ ఏడు మా లీడరక్క జపాన్ అమ్మాయిల బృందం పాడే పాటకి డాన్సు అంది. పెద్ద మేనేజరు మురిసిపోతాడని ఆవిడ ఆశ.

లీడరక్కది సగం తెలుగు, సగం తమిళం కలిసిన ఇల్లు. ఎక్కడి నుంచో ఆ బృందం పోస్టరు తెచ్చి క్యాంటీన్ గోడకి అంటించింది. అందులో అమ్మాయిలందరూ ఒకే అచ్చులో పోసినట్టు తెల్లగా, సన్నగా, మోకాళ్లు దగ్గరికి చేర్చి, తల ఓ పక్కకి వాల్చి నిలబడ్డారు. (మా ఆఫీసులో ఒక జపాన్ మేడమ్ ఉండేవారు. పొడుగ్గా, బొంగురు గొంతుతో, పెద్దపెద్ద అడుగులు వేస్తూ నడిచేవారు. ఆవిడకీ ఆ పోస్టరుకీ పోలికే లేదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.) ఐదుగురం కావాలి. నడిమి చోటుకి అనుకున్న చీనా అమ్మాయికి సరిగ్గా అప్పుడే అమ్మవారు పోసింది. ఇక ఆ చోటు నాదే అనుకున్నాను. తాళం తప్పకుండా ఆడేది నేనొక్కదాన్నే మరి.

"నువ్వు కొసన నిలబడు" అంది లీడరక్క.

"అదేటక్కా? నాను బాగా ఆడతన్నాను కదా!"

"ఆడతావు, ఎవులు కాదన్నారు? ఆ పోస్టరులో నీ రంగుది ఒక్కతుందా, సెప్పు? నవ్వితే నీ గొంతు మూడో లైన్ దాకా ఇనిపిస్తది. స్టోరు తమ్ముణ్ని పెడతాను. తెల్లగా ఉన్నాడు, సన్నగా ఉన్నాడు, విగ్గు పెడితే సాలు లా!" (మాట చివర "లా" తగిలించడం అక్కడి వాడుక.)

స్టోరు తమ్ముడంటే అట్టపెట్టెలు మోసే చీనా కుర్రాడు. అతను "అలామాక్!" (అమ్మబాబోయ్ అన్నమాట) అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు గానీ, రెండు రోజుల్లోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నాకంటే బాగా నేర్చేసుకున్నాడు. ఇంట్లో చెబితే మా అమ్మ వింటూ వింటూ గరిటె కింద పెట్టేసింది. "ఆ కుర్రోడు ఆడపిల్లయితే, మరి నువ్వేటే?"

ఆ ప్రశ్నతోనే లెక్కల్లోకి దిగాను. మా లైన్‌లో కళ్లు అలిసిపోకుండా గంటగంటకీ అందరూ ఒక సీటు పక్కకి జరిగే పద్ధతి ఉండేది. డాన్సులోనూ అలాగే చేద్దామన్నాను. ప్రతి చరణం కాగానే అందరూ ఒక చోటు కుడికి జరగాలి, కుడి కొసన ఉన్నవాళ్లు ఎడమ కొసకి రావాలి. కంపెనీ పద్ధతినే ఎలా కాదంటుంది లీడరక్క? "మొదట మాత్రం తమ్ముడే నడిమిన" అని ఒప్పుకుంది. చరణాలు ఐదు. నేను వెంటనే తమ్ముడికి కుడిపక్క చోటు అడిగి తీసుకున్నాను. అక్కణ్నించి జరుగుతూ పోతే సరిగ్గా చివరి చరణానికి, ఫోటోలు తీసే వేళకి, నడిమిన ఉండేది నేనే.

విందు రోజున పెద్దవాళ్ల ఉపన్యాసాలు సాగి సాగి ఆలస్యమైపోయింది. మేం స్టేజీ ఎక్కాక, మాకు చెప్పకుండానే, నాలుగో చరణం తర్వాత పాట ఆపేశారు. అందరూ ఆఖరి భంగిమలో ఆగిపోయారు. నడిమి చోటుకి నేను ఒక్క అడుగు దూరంలో ఉండిపోయాను.

కెమెరా ఆయన ముందుకొస్తున్నాడు. నాకేమైందో ఏమో, రోజూ పొద్దున్న పనికి ముందు అందరిచేతా కసరత్తు చేయించే జపాన్ లెక్క నోట్లోంచి ఊడిపడింది. "ఇచీ, నీ, సాన్, షీ!" అని నా అసలు గొంతుతో అరిచేశాను. నాతోపాటు మిగతా నలుగురూ అలవాటు కొద్దీ ఒక చోటు జరిగారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ లెక్క చెవిన పడగానే హాల్లో ఉన్న వందలమందీ కుర్చీల్లోంచి లేచి, చేతులు పైకెత్తి కసరత్తు మొదలుపెట్టారు. పెద్ద మేనేజరు ఒక చేత్తో కోడి తొడ, ఇంకో చేత్తో నాప్కిన్ పట్టుకుని అందరితోపాటే వంగాడు. బొంగురు గొంతు మేడమ్ అయితే కుర్చీ ఎక్కి మరీ "గో, రోకు!" అని నా లెక్కని అందుకున్నారు. లీడరక్క ముఖం మాత్రం చూడలేకపోయాను. నడిమిన నిలబడే ఉన్నాను.

మొన్న మా అమ్మాయి ఆ ఫోటో చూసింది. ఇప్పటి జపాన్ బృందాల్లో నా రంగు పిల్లలూ అక్కడక్కడ కనిపిస్తున్నారని, తను ఫోన్లో నాకు చూపిస్తూ ఉంటుంది. "ఇందులో నువ్వెక్కడమ్మా?" అంది. నడిమిన ఉన్నదాన్నని చెబితే నమ్మలేదు. నమ్మకపోవడం తన తప్పు కాదు. ఆ రోజు నేనే అడిగి రెండు పూతలు పౌడరు ఎక్కువ వేయించుకున్నాను. మెడ దాకా తెలుపు, అక్కణ్నించి కిందికి నేను. అంత లెక్క కట్టి, అంత అరిచి, ఆ చోటు సంపాదించిన పిల్ల ముఖం చివరికి ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు చేయి అందితే ఆ పిల్లని పిలిచి, ముందు చల్లటి నీళ్లతో ముఖం కడిగించి, "ఇప్పుడెళ్లి నిలబడమ్మా" అని చెప్పాలనిపిస్తుంది.